కారడవిలో కారు

పెద్దాఫీసు దొరలు విదేశాలు చూసొచ్చారు. ఫలితంగా జీలుగుమెట్ట అటవీ రేంజికి ఒక సైకిలు బాట మంజూరైంది. అక్కడ సైకిలు బాట ఎప్పట్నుంచో ఉందా అని వాళ్ళు అడగలేదు, కాబట్టి వీళ్ళు చెప్పలేదు.

పన్నెండుమంది అధికారులు పదిహేను రోజులపాటు ఆ దేశాల్లో అడవుల వెంటా పొలాల వెంటా గ్రావెల్ బాటల మీద సైకిళ్ళు తొక్కేవాళ్ళని బస్సు కిటికీల్లోంచి అధ్యయనం చేశారు. ఒక్క కారూ లేదట. హారన్ మోత లేదట. పిట్ట కూస్తే వినపడిందట. తిరిగొచ్చిన వారానికే హరిత పథ సంచాలక కార్యాలయం అనే కొత్త ఆఫీసు పుట్టింది. దానికో సంచాలకులు, ఇద్దరు అదనపు సంచాలకులు, వాళ్ళు తిరగడానికి పదకొండు కార్లు. చేపట్టిన పనికి "కారురహిత గ్రావెల్ సైక్లింగ్ మార్గముల గుర్తింపు, అభివృద్ధి మరియు ధ్రువీకరణ పథకము" అని పేరు పెట్టారు. ఆ పేరు చదవడం అయ్యేలోగా సైకిలు మీద ఒక ఫర్లాంగు పోవచ్చు.

జీలుగుమెట్ట నుంచి కొండమీది పాలమామిడికి తొమ్మిది కిలోమీటర్లు. ఎర్ర గ్రావెల్ నేల. ఎంత వాన పడ్డా చక్రానికి బురద అంటదు. ఎదురుగా ఇంకో సైకిలొస్తే ఒకరు దిగి పక్కకి ఒరగాలి, అంత వెడల్పు. అటు మద్దిచెట్లు, ఇటు వెదురుపొదలు, మధ్యలో రెండు వాగులు, ఒకచోట రెండు బండల ఇరుకు సందు. రెండో వాగు దాటాక ఒక దిగుడుంది. అక్కడ తొక్కే పని లేదు, సైకిలే మనల్ని తీసుకుపోతుంది. పాలమామిడిలో నలభై గడప. వాళ్ళకి సంతైనా, హైస్కూలైనా, ఆసుపత్రైనా జీలుగుమెట్టే. పసుపూ చింతపండూ పనసకాయలూ సైకిళ్ళకి కట్టుకుని ఆ బాటనే దిగుతారు, ఉప్పూ సబ్బులూ కట్టుకుని ఎక్కుతారు.

ఆ బాటకి కాపలా గవర్రాజు. ఉద్యోగం పేరు ఫారెస్టు బీటు ఆఫీసరు, జనం పిలిచేది గార్డుగారని. ఇరవై ఆరేళ్ళుగా రోజూ సైకిలు మీద పోయి వస్తున్నాడు. ఏ మలుపులో గేరు మార్చాలో అతనికి తెలీదు, ఎందుకంటే అతని సైకిలుకి గేర్లు లేవు. ఏ మలుపులో ఏ పిట్ట కూస్తుందో మాత్రం చెప్పగలడు. ఆ బాట మీద అతనికున్నది ప్రేమే, దాన్ని వేరే మాటతో చెప్పక్కర్లేదు.

గవర్రాజుకి ఒక్కటే జబ్బు. ఉభయభాషాప్రవీణ చదివి, తెలుగు పంతులు ఉద్యోగం రాక, అడవిలో పడ్డాడు. చదివిన తెలుగంతా రిపోర్టుల్లోకి దిగింది. అడవి అంటుకుంటే "దావానలము ప్రజ్వరిల్లినది" అని రాసేవాడు. పై ఆఫీసువాళ్ళు ఆ మాటకి అర్థం వెతుక్కునేలోపు మంటలు ఆరిపోయేవి. మంటలు ఆరాక పంపే సాయం మంటలకి ఎటూ అక్కర్లేదు కాబట్టి, ఎవరికీ నష్టం లేకుండా ఇరవై ఆరేళ్ళు గడిచిపోయాయి.

ఆ ఏడు మాత్రం ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఏ పథకంలోనూ చేరని అటవీ బాటలన్నిటినీ రోడ్ల విభాగానికి అప్పగించాలి. పాలమామిడి వెనక ఒక నల్లరాతి కొండ ఉంది. రోడ్ల విభాగం కన్ను ఎప్పట్నుంచో దానిమీదే. బాట చేతికొస్తే నలభై అడుగుల రోడ్డేస్తారు, లారీలు దిగుతాయి. నలభై అడుగులంటే మద్దులు పోయినట్టే, వెదుళ్ళు పోయినట్టే, సైకిళ్ళ సంగతి అడగనే అక్కర్లేదు. గవర్రాజుకి అన్నం సయించడం మానేసింది. సరిగ్గా అప్పుడే ఈ కారురహిత పథకం దరఖాస్తు వచ్చింది. వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకుని, రెండు చేతుల్తో అందుకున్నాడు.

దరఖాస్తులో ఇరవైనాలుగు ప్రశ్నలు. "మార్గముపై గ్రావెల్ పరచిన గుత్తేదారు పేరు?" అన్నచోట గవర్రాజు "ప్రకృతిమాత" అని రాశాడు. "మార్గ పరిసరముల స్వభావము?" అన్నచోట కలం ఆపి, చెట్లకేసి ఒకసారి చూసి, "ఆద్యంతము కారడవి" అని రాశాడు. ఆ మాట అతనికి ఎంతో నచ్చింది. కింద గీత కూడా గీశాడు.

ఇరవై రోజులకి జవాబొచ్చింది.

"మీ దరఖాస్తు పరిశీలించడమైనది. ఒకటి: ప్రకృతిమాత అను గుత్తేదారు రిజిస్ట్రేషను నంబరు జతపరచలేదు. రెండు: మీ మార్గము ఆద్యంతము కారు అడవి అని తెలిపియున్నారు. అడవి యందు కార్లు ఇంతగా ప్రబలుట మిక్కిలి ఆందోళనకరము. సదరు కార్ల సంఖ్య, రంగు, తొలగింపునకు తీసుకొనిన చర్యలు వెంటనే తెలుపవలెను."

గవర్రాజు ఉత్తరం మూడుసార్లు చదివాడు. తర్వాత, ప్రవీణులు చేసే పనే చేశాడు. రెండు పేజీల వివరణ రాశాడు. కారు అనగా నలుపనీ, దట్టమైన అడవి చీకటిగా ఉంటుంది కాబట్టి కారడవి అయిందనీ, కారుచీకటి, కారుమబ్బు వంటివి ఇందుకు ఉదాహరణలనీ, ఇందులో నాలుగు చక్రాల ప్రసక్తి ఏ కోశానా లేదనీ పండితులు మెచ్చేలా నిరూపించాడు.

జవాబు ఈసారి వారానికే వచ్చింది. వివరణకు ధన్యవాదాలట. కారుచీకటి, కారుమబ్బులలో గల కార్ల సంఖ్యను కూడా విడిగా తెలపాలట.

దాంతో అతని తలప్రాణం తోకకొచ్చింది. అలంకారాలన్నీ పక్కన పెట్టి, ఆ బాట మీద కారన్నది తను పుట్టి బుద్ధెరిగి చూడలేదని ఒక పేజీలో రాసి పంపాడు. అది మాత్రం వాళ్ళకి అర్థమైంది. అర్థం కావడమే కొంప ముంచింది.

రేంజరు కేశవరావు అతన్ని పిలిపించి, వచ్చిన కాయితం చేతికిచ్చి చదవమన్నాడు. కేశవరావు మంచివాడే. రిటైరవడానికి పదహారు నెలలుంది, ఆ పదహారు నెలలూ తనకి ఏ ఉత్తరమూ రాకూడదని కోరుకునేవాడు.

"కార్లే లేనిచో కారురహితము చేయుట ఎట్లు? పథకము యొక్క లక్ష్యము కార్ల తొలగింపు. తొలగించుటకు కార్లు లేని మార్గము పథకమునకు అనర్హము. నలభై ఐదు దినములలోగా కార్ల ఉనికిని నిరూపించి, తొలగించనిచో, మార్గము రోడ్ల విభాగమునకు బదలాయించబడును."

"చూశావా?" అన్నాడు రేంజరు. "కార్లున్న బాటకేమో మర్యాద. లేనిదానికి లారీలు. ఇప్పుడు కారెక్కడ తెస్తావయ్యా గవర్రాజూ? ఆ రెండు బండల సందులోంచి సైకిలు పోవడమే గగనం."

గవర్రాజు కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్ళు తన కాళ్ళ కింద ఉన్న బాట ఒక్క మాటకి పోతోంది, ఆ మాట తను గీత గీసి మరీ రాసింది. ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

అతని భార్య వరహాలమ్మ పాలమామిడిలో అంగన్‌వాడీ నడుపుతుంది. ప్రవీణ కాదు గాని ప్రజ్ఞావంతురాలు. కాయితం చదవకుండానే, మొగుడి మొహం చదివి, సంగతంతా రాబట్టింది. రాబట్టి, చాటలో బియ్యం ఏరుకుంటూ తీరిగ్గా చెప్పింది.

"లేదని రాస్తే వాళ్ళకి పనేం మిగుల్తాదండీ? లేదనకూడదు. ఉంది, తీసేశాం అనాలి. మా అంగన్‌వాడీకి పిల్లల్ని తూచే మిషను లేదని మూడేళ్ళు రాశాను, ఉలుకూ పలుకూ లేదు. మిషను పాడైపోయిందని రాశాను. వారంలో బాగుచేసేవోడు వచ్చాడు. వచ్చి, మిషనేదమ్మా అన్నాడు. పాడైపోయి పోయింది నాయనా అన్నాను. పాపం, కొత్తదిచ్చి పోయాడు."

గవర్రాజు లేచి కూర్చున్నాడు.

"మీ రేంజాఫీసు వెనకాల తుప్పట్టిన కారొకటుంది గదా," అంది వరహాలమ్మ. "దాన్ని అడివిలో పెట్టి, తీసెయ్యండి."

ఆ కారు ఒక పాత అంబాసిడరు. ఎప్పుడో టేకుదుంగలు మోస్తూ పట్టుబడింది. కేసు నడిచి నడిచి ముద్దాయి పోయాడు, సాక్షులు పోయారు, ఇంజను కూడా ఎటో పోయింది. డిక్కీలో కోడి పొదుగుతోంది. రేంజరు ముందు గుండెలు బాదుకున్నాడు గాని, కారు ఇస్తే వచ్చే ఉత్తరాల కన్నా ఇవ్వకపోతే వచ్చేవే ఎక్కువని లెక్క తేలాక తల ఊపాడు. ఒకటే షరతు పెట్టాడు, కోడిని వదిలి వెళ్ళాలని.

పాలమామిడి పెద్ద బొజ్జిరెడ్డికి విషయం చెప్పడానికి గవర్రాజుకి నోరు రాలేదు. కార్లు రాకుండా ఉండాలంటే ముందొక కారు రావాలని తెలిసినవాళ్ళకైనా ఎలా చెప్పడం? బొజ్జిరెడ్డి అంతా విని, "ఎంత బరువుంటాదండి?" అని మాత్రం అడిగాడు.

పద్దెనిమిదిమంది వచ్చారు. చక్రాలు, తలుపులు ఊడదీసి సైకిళ్ళకి కట్టారు. మిగతా బొందిని వెదురు బొంగుల మీదకెత్తి, దేవుణ్ణి ఊరేగించినట్టు ఎత్తుకున్నారు. ఒకడు డప్పు తెచ్చాడు. డప్పుంటే అడుగు కలుస్తుందని చెప్పాడు గాని, డప్పు మోగాక ఊరుకునేదెవరు? ఆడవాళ్ళు పాటందుకున్నారు. మొదటి వాగులో కారుకి స్నానమైంది. రెండు బండల సందులో దాన్ని పక్కకి తిప్పి, నిలువుగా ఎత్తి, గట్టిగా ఒక్క ఊపులో అవతలకి లాగారు. బండలకేం కాలేదు. కారు మాత్రం కొంచెం సన్నబడింది. సాయంత్రానికి పాలమామిడి పొలిమేరలో, మద్దిచెట్ల నీడన, తెల్ల అంబాసిడరు నాలుగు చక్రాల మీద నిలబడింది. జీవితంలో మొదటిసారి గవర్రాజు ఆ బాటమీద కారు చూశాడు. చూడబుద్ధి కాలేదు. అయినా ఫోటో తీశాడు.

ఫోటో చేరిన నాలుగో రోజున అదనపు సంచాలకులు నీలకంఠేశ్వరరావుగారు స్వయంగా తనిఖీకి వచ్చారు. కారురహిత మార్గం చూడ్డానికి ఏడు కార్లలో వచ్చారు. ఆ ఏడూ నిలపడానికి చోటు లేక సంత మైదానం ఖాళీ చేయించారు. సంత రోడ్డెక్కింది, రోడ్డుమీది బస్సులు పొలాల్లోకి దిగాయి.

బాట మొదట్లో ఆయన ఒక ఉపన్యాసం ఇచ్చారు. మానవుడు యంత్రమునకు దాసుడైన ఈ కాలమున ద్విచక్రికయే విమోచన మార్గమన్నారు. తర్వాత విమోచన మార్గం మీద కూర్చోబోతే అది పక్కకి పడింది. సైకిలెక్కి ముప్పై ఏళ్ళయిందట. ఇద్దరు జవాన్లు చెరోపక్కా పట్టుకుంటే మొదటి వాగుదాకా వచ్చారు. అక్కణ్నుంచి ఒక జవాను చాలన్నారు. రెండో వాగు దాటాక అసలెవరూ వద్దన్నారు. దిగుడులో కాళ్ళు రెండూ బార్లా చాపేసి, టోపీ ఎగిరిపోతున్నా చూసుకోకుండా, ఇంత నోరు తెరుచుకుని నవ్వుతూ దూసుకుపోయారు. కింద ఆగి, రొప్పుతూ, వెనక్కి తిరిగి గవర్రాజుతో, "ఇంకోసారి పోదామా?" అన్నారు. ఆ ఒక్క క్షణం గవర్రాజుకి ఆయనంటే ఇష్టం కలిగింది. అంతలో జవాను టోపీ తెచ్చి పెట్టాడు. ఆయన మళ్ళీ అదనపు సంచాలకులైపోయారు.

కారు చుట్టూ మూడుసార్లు తిరిగారు. బానెట్ మీద వేలితో రాసి చూశారు. ఆ తర్వాత అందరూ భయపడుతున్న ప్రశ్నే అడిగారు.

"అడుగున్నర బాట. దీనిమీద కారు ఎట్లు వచ్చినది?"

రేంజరు ఆకాశంకేసి చూశాడు. బొజ్జిరెడ్డి నేలకేసి చూశాడు. గవర్రాజుకి అబద్ధం చేతకాదు. సంస్కృత సమాసాల్లో అయితే ఏమైనా దాచగలిగేవాడేమో గాని, ఎదురుగా మనిషి నిలబడి ఉంటే నోటికి మామూలు తెలుగే వచ్చింది.

"మోసుకొచ్చామండి. పద్దెనిమిదిమందిమి."

రేంజరు కళ్ళు మూసుకున్నాడు. అదనపు సంచాలకులు మాత్రం ఫైలు తెప్పించుకుని నిలబడే రాసుకున్నారు. రాసిందాన్ని పైకి చదివారు కూడా: "ఇంధనము ఏమాత్రము వాడకుండ కారును అటవీ ప్రాంతమునకు తరలించుట. స్థానిక ప్రజల భాగస్వామ్యముతో కూడిన వినూత్న విధానము. ఇతర రేంజిలకు అనుసరణీయము."

తర్వాత పొగ పరీక్ష జరిగింది. కారు తొలగించక ముందు పొగ లేదు. ఆయన కళ్ళెదుటే పద్దెనిమిదిమందీ దాన్ని మళ్ళీ ఎత్తుకుని, డప్పుతో సహా తొమ్మిది కిలోమీటర్లు దించేశాక కొలిస్తే, అప్పుడూ లేదు. పర్యావరణం నిలకడగా ఉందని రాశారు. ఉన్న కార్లు ఒకటి, తొలగించినవి ఒకటి. నూటికి నూరు శాతం. రాష్ట్రంలో ఇంకెవరికీ అరవై దాటలేదట, వాళ్ళకి నిజంగా కార్లున్నాయి మరి.

నెల తిరక్కుండా ధ్రువపత్రం వచ్చింది. బాట నిలిచింది. రోడ్ల విభాగం తన కొలతల గొలుసులు చుట్టుకుని ఇంకో కొండ చూసుకుంది. ఆ రోజు పాలమామిడిలో పనసకాయ కూరతో భోజనాలు పెట్టారు, గవర్రాజు చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

అయితే ధ్రువపత్రం వెనకపక్క కూడా అక్షరాలున్నాయి. గుర్తింపు ప్రతి ఏడూ నిలవాలంటే ప్రతి ఏడూ ఒక్క కారైనా తొలగించి చూపాలట. ఒకసారి తొలగించిన వాహనం రెండోసారి తొలగింపునకు పనికిరాదట. దానికి పిన్ను గుచ్చి ఇంకో కాయితం ఉంది. విశేష కృషికి గాను గవర్రాజుకి డిప్యూటీ రేంజి ఆఫీసరుగా పదోన్నతి, ఒక జీపు, డ్రైవరు. "జీపు గల అధికారి సైకిలుపై సంచరించుట పదవీ గౌరవమునకు భంగకరము. ఉల్లంఘనపై చర్య తీసుకొనబడును."

జీపు తీరిగ్గా మరుసటి ఫిబ్రవరిలో వచ్చింది. కొత్తది, ఆకుపచ్చది. వరహాలమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. మర్నాడు గవర్రాజు ఇస్త్రీ బట్టలేసుకుని వెనక సీట్లో కూర్చుని విధులకి బయల్దేరాడు. మూడు నిమిషాల్లో బాట మొదటికి వచ్చేశాడు. అక్కడ "కార్లు, జీపులు నిషేధం" అన్న బోర్డు, కింద తన సంతకం. జీపు లోపలికి పోకూడదు. జీపున్నవాడు సైకిలెక్కకూడదు. దిగి, బోర్డు పక్కన నిలబడ్డాడు.

పాలమామిడి వాళ్ళు సంతకొస్తూ సైకిళ్ళ మీంచే దండాలు పెట్టారు. అవతల మొదటి మలుపులో పిట్ట కూసింది. ఏ పిట్టో తెలుసు, ఏ కొమ్మో తెలుసు. వెళ్ళడానికి లేదు. పన్నెండు రోజులు అలా నిలబడ్డాడు. బాటని కాపాడుకున్నాడు, కాని ఇప్పుడది అందరిదీ, తనకి తప్ప. పదమూడో రోజున కళ్ళనీళ్ళు తిరిగాయి. డ్రైవరు చూడకుండా తుడుచుకుని, ఇంటికి పోయి, పెద్దాఫీసుకి ఉత్తరం రాశాడు.

"అయ్యా, నాకు జీపు వద్దు. సైకిలు చాలు. ఇట్లు, గవర్రాజు."

పెద్దాఫీసు గుమాస్తా వెంటనే రేంజరుకి ఫోన్ చేసి, ఉత్తరంలో మిగతా పేజీలు దారిలో ఎక్కడైనా పడిపోయాయా అని కనుక్కున్నాడు. రేంజరు గవర్రాజుని పిలిచి నాలుగు చీవాట్లు పెట్టాడు. వచ్చిన పదవిని కాలదన్నుకుంటారా అన్నాడు. పైగా మార్చి దగ్గరకొచ్చింది, ఈ ఏడు తొలగించడానికి కారు లేదు, బాటకి మళ్ళీ గండం అన్నాడు. గవర్రాజు తల వంచుకుని అంతా విన్నాడు. అన్నిటికీ ఒప్పుకున్నాడు, ఉత్తరం వెనక్కి తీసుకోవడానికి తప్ప.

మార్చి ఆఖరి వారంలో జవాబొచ్చింది. రేంజరు చదివాడు. చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివాడు.

"మార్గ ముఖద్వారమున నిలిచియుండిన ఒక జీపును డిప్యూటీ రేంజి ఆఫీసరు స్వచ్ఛందముగా తొలగించినట్లు వారి లేఖ ద్వారా రూఢియైనది. తొలగింపు లక్ష్యము నెరవేరినందున మార్గము యొక్క గుర్తింపు పొడిగించడమైనది. జీపు లేనందున పదోన్నతి రద్దు పరచడమైనది."

అప్పట్నుంచీ అదే ఆనవాయితీ అయింది. ఏటా ఫిబ్రవరిలో గవర్రాజుకి పదోన్నతి వస్తుంది, జీపు వస్తుంది. మార్చిలో అతను రెండు ముక్కలు రాస్తాడు, పదవీ జీపూ పోతాయి. నాలుగేళ్ళలో నాలుగుసార్లు డిప్యూటీ రేంజరైన మనిషి రాష్ట్రంలో ఇంకొకడు లేడు. కేశవరావు హాయిగా రిటైరయ్యాడు. కొత్త రేంజరుకి ఇదంతా ఎందుకో ఇంకా ఎవరూ చెప్పలేదు, ఆయన అడగనూ లేదు.

మొన్న ఫిబ్రవరిలో కొత్త జీపు వాకిట్లో దిగినప్పుడు వరహాలమ్మ ఉండబట్టలేక అడిగింది.

"నాలుగైదు జీపులొచ్చి పోయాయి. పోనీ ఒక్కసారైనా నన్నెక్కించి తిప్పొచ్చు గదండీ?"

"ఎక్కడికి పోదాం?" అన్నాడు గవర్రాజు.

ఆవిడ ఆలోచించింది. టౌను వద్దనుకుంది, గుడి నిన్ననే అయింది. చివరికి పాలమామిడి అంది. పిల్లలకి కోడిగుడ్లు పట్టుకెళ్ళాలి, ఎటూ పోవాల్సిందే.

గవర్రాజు జీపు తాళాలు డ్రైవరుకిచ్చి, వెళ్ళి సైకిలు తెచ్చాడు. పదవీ గౌరవానికి ఇంకా నెలరోజులు గడువుంది గాని, ఆ రోజు దాన్ని అతను పట్టించుకోలేదు. వరహాలమ్మ గుడ్ల బుట్ట ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది, రెండో వాగు దాటాక దిగుడులో మాత్రం నెమ్మదిగా పొమ్మంది. అతను సరేనన్నాడు. దిగుడొచ్చాక ఆవిడే, గుడ్లు నేను పట్టుకున్నాను, వదిలెయ్యండి అంది.